10 నిమిషాల టైమౌట్ ఎప్పటికీ ఎందుకు రాలేదు? ఈవెంట్ లూప్‌లో పోల్ టైమౌట్ లెక్క ఇదీ!

ఎప్పుడూ ఇక్కడ ఎవరో తయారు చేసిన ఫోన్లకి, వాచ్‌లకి మార్కులు వేస్తుంటాను. ఈసారి నేనే తయారు చేసిన ఒక డివైస్ గురించి రాస్తున్నా. నిజాయితీగా మార్కులు వేస్తే దాని మొదటి వెర్షన్‌కి పదికి మూడు కూడా రావు. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. కొంప ముంచింది ఒకే ఒక్క నంబర్, పోల్ అనే ఫంక్షన్‌కి చివర్లో ఇచ్చే టైమౌట్.

మా అమ్మమ్మ తణుకులో ఉంటుంది. రాత్రి 8 గంటలకి బీపీ మాత్ర వేసుకోవాలి, తరచూ మర్చిపోతుంది. అందుకని పోయిన వేసవిలో ఒక మందుల డబ్బా చేసిచ్చాను. లోపల రాస్ప్‌బెర్రీ పై జీరో, మూత తీస్తే తెలిసేలా ఒక అయస్కాంతం స్విచ్, పక్కన ఒక బటన్, చిన్న బజర్. 8 కాగానే హైదరాబాద్‌లో నా సర్వర్ నుంచి ఇంటర్నెట్ మీదుగా మెసేజ్ వెళ్తుంది, డబ్బా మోగుతుంది. మూత తీయకపోతే ప్రతి 10 నిమిషాలకి మళ్ళీ మోగాలి. అదీ ప్లాన్. ఊరెళ్ళి ఇచ్చేటప్పుడు గొప్పగా చెప్పాను కూడా, "నువ్వు వినిపించుకోకపోయినా ఇది ఊరుకోదు అమ్మమ్మా, మళ్ళీ మళ్ళీ మోగుతుంది" అని.

మూడో రోజు పొద్దున్నే మామయ్య ఫోన్. "ఒరేయ్, అమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. చూస్తే రెండు రోజుల మాత్రలు డబ్బాలోనే ఉన్నాయి. నీ డబ్బా మోగట్లేదా ఏంటి?" అమ్మమ్మ ఫోన్ తీసుకుంది. "మోగింది నాన్నా, ఒక్కసారి మోగింది. సీరియల్ చూస్తున్నా కదా, ఎలాగూ మళ్ళీ మోగుద్ది అన్నావుగా, అప్పుడు వేసుకుందాంలే అనుకున్నా. అది మళ్ళీ మోగలేదు."

డాక్టర్ చూసి కంగారేం లేదన్నారు. కానీ నాకు గుచ్చుకున్న విషయం వేరే ఉంది. డబ్బా రాకముందు ఆవిడ క్యాలెండర్ మీద పెన్నుతో టిక్కు పెట్టుకునేది. నా డబ్బాని నమ్మి ఆ టిక్కు మానేసింది.

సరే, ఏం జరిగిందో మొదట్నుంచి చూద్దాం. ఇది మందుల డబ్బా కథే కాదు. మీ ఫోన్‌లో ప్రతి యాప్ లోపలా ఇదే మెషినరీ తిరుగుతూ ఉంటుంది.

ఈవెంట్ లూప్ ఎక్కడ నిద్రపోతుంది?

నా ప్రోగ్రామ్ మూడు చోట్ల నుంచి వచ్చే వార్తల కోసం ఎదురుచూడాలి. మూత, బటన్, నెట్‌వర్క్. లైనక్స్‌లో ఈ మూడూ ఫైల్ డిస్క్రిప్టర్లే, అంటే తెరిచిన ఫైల్‌కి ఉండే నంబర్ లాంటివి. జీపీఐఓ పిన్‌లో మార్పు వచ్చినా, నెట్‌వర్క్ సాకెట్‌కి డేటా వచ్చినా ఆ నంబర్ "రెడీ" అవుతుంది. పోల్ అనే సిస్టమ్ కాల్‌కి ఈ మూడు నంబర్ల లిస్ట్ ఇచ్చి, "వీటిలో ఏదైనా కదిలితే నన్ను లేపు" అని కెర్నల్‌కి చెప్పి మన ప్రోగ్రామ్ పడుకుంటుంది. లేచి, వచ్చిన పని చేసి, మళ్ళీ పోల్‌కి వెళ్తుంది. ఈ చక్రమే ఈవెంట్ లూప్.

పోల్‌కి ఇచ్చే చివరి విలువ టైమౌట్, మిల్లీసెకన్లలో. ఏమీ కదలకపోతే ఎంతసేపు పడుకోవచ్చో చెప్పేది అదే. 0 ఇస్తే అసలు పడుకోకుండా ఒకసారి చూసి వెంటనే వచ్చేస్తుంది. మైనస్ 1 ఇస్తే ఏదో ఒకటి వచ్చేదాకా, అవసరమైతే ఏళ్ళ తరబడి, పడుకుంటుంది. మామూలు నంబర్ ఇస్తే అంతసేపు. తిరిగి వచ్చేటప్పుడు పాజిటివ్ నంబర్ తెస్తే అన్ని డిస్క్రిప్టర్లు రెడీ అని, 0 తెస్తే టైమ్ అయిపోయిందని, మైనస్ 1 తెస్తే ఎర్రర్ అని అర్థం.

చూడ్డానికి చాలా సింపుల్. అందుకే మనం దాని గురించి ఆలోచించం.

నా మొట్టమొదటి వెర్షన్‌లో టైమౌట్ 0 పెట్టాను. "ఎంత తరచుగా చూస్తే అంత ఫాస్ట్‌గా స్పందిస్తుంది కదా" అనే తెలివితేటలు. పై జీరోలో ఉండేది ఒకే ఒక్క కోర్. 'టాప్' కమాండ్ కొట్టి చూస్తే ఆ కోర్ దాదాపు మొత్తం నా ప్రోగ్రామే తినేస్తోంది. చేస్తున్న పని? ఏమీ లేదు. "వచ్చిందా, వచ్చిందా, వచ్చిందా" అని కెర్నల్‌ని అడుగుతూ కూర్చుంది. టెస్టింగ్‌కి పెట్టిన పవర్ బ్యాంక్ తెల్లారేసరికి ఖాళీ.

రెండో వెర్షన్‌లో 10 మిల్లీసెకన్లు పెట్టాను. సీపీయూ వాడకం కిందికి దిగింది, సంతోషించాను. అదీ తప్పే. సెకనుకి 100 సార్లు లేవడం అంటే రోజుకి 86,40,000 సార్లు. అందులో నిజంగా పని ఉండేది రోజుకి ఏ పాతికసార్లో. ప్రాసెసర్ లోతైన నిద్రలోకి వెళ్ళబోతుంటే భుజం తట్టి లేపడం లాంటిది ఇది. 2007లో లైనక్స్‌కి టిక్‌లెస్ కెర్నల్ వచ్చాక, అదే ఏడాది ఇంటెల్ నుంచి పవర్‌టాప్ అనే టూల్ వచ్చింది. అది ఒక్కో ప్రోగ్రామ్ సెకనుకి ఎన్నిసార్లు సీపీయూని లేపుతోందో లిస్ట్ వేసి చూపించేది. పని లేకపోయినా లేస్తూ ఉండే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు చాలా అలా బయటపడ్డాయి. బ్యాటరీ డ్రెయిన్ గురించి మీరు పెట్టే కామెంట్లలో సగానికి మూలం ఇలాంటి లూప్‌లే అని నా అనుమానం.

ఇంకో మాట. 10 మిల్లీసెకన్లు పెట్టినంత మాత్రాన స్పందన ఫాస్ట్ అవ్వదు. టైమౌట్ ఎంత పెద్దదైనా, మూత తీసిన క్షణమే పోల్ లేస్తుంది. ఎక్కువ టైమౌట్ పెడితే ఈవెంట్లు లేట్‌గా వస్తాయని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదు. ఏమీ రానప్పుడు ఎప్పుడు లేవాలనేది మాత్రమే టైమౌట్ నిర్ణయిస్తుంది.

ఇది అర్థమయ్యాక మూడో వెర్షన్ రాశాను. బజర్ మోగనవసరం లేనప్పుడు టైమౌట్ మైనస్ 1. ఒకసారి మోగి, మూత తీయడం కోసం చూస్తున్నప్పుడు 6,00,000, అంటే 10 నిమిషాలు. పోల్ 0 తెస్తే 10 నిమిషాలు అయిపోయినట్టే, మళ్ళీ మోగించు. అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది ఈ వెర్షనే.

టెస్ట్‌లో పాస్, తణుకులో ఫెయిల్

నా రూమ్‌లో ఎందుకు పనిచేసింది మరి? టెస్ట్ చేసేటప్పుడు 10 నిమిషాలు ఎవడు కూర్చుంటాడని 10 సెకన్లు పెట్టి చూశాను. ప్రతి 10 సెకన్లకీ టంచనుగా మోగింది. తర్వాత ఆ ఒక్క నంబర్ మార్చి డబ్బా మూసేశాను.

మామయ్య ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం, డబ్బాలోకి రిమోట్‌గా లాగిన్ అయి స్ట్రేస్ నడిపాను. ఒక ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమేం అడుగుతోందో లైన్ లైన్‌గా చూపించే టూల్ అది. స్క్రీన్ మీద కనిపించింది ఇదీ: పోల్, చివర్లో 600000. సరిగ్గా ఒక నిమిషానికి, సాకెట్ రెడీ అని 1 తెచ్చింది. మళ్ళీ పోల్, చివర్లో 600000. ఒక నిమిషానికి మళ్ళీ 1. మళ్ళీ 600000.

నా సర్వర్, కనెక్షన్ బతికే ఉందా లేదా అని ప్రతి 60 సెకన్లకీ ఒక చిన్న పింగ్ పంపుతుంది. నేనే రాశాను ఆ కోడ్. పింగ్ రాగానే పోల్ లేస్తోంది, లూప్ తిరుగుతోంది, కొత్త పోల్ మళ్ళీ పూర్తి 10 నిమిషాలతో మొదలవుతోంది. ఆ టైమౌట్ రావాలంటే వరుసగా 10 నిమిషాలు ఎలాంటి కదలికా ఉండకూడదు. ప్రతి నిమిషానికీ పింగ్ వస్తున్నప్పుడు అది ఎప్పటికీ జరగదు. టెస్ట్‌లో 10 సెకన్లు పింగ్ గ్యాప్ కంటే చిన్నవి కాబట్టి బగ్ దాక్కుంది.

స్టవ్ మీద పప్పు పెట్టి అమ్మ "పది నిమిషాలాగి కట్టేయి" అని బజారుకి వెళ్ళిందనుకోండి. మధ్యలో కొరియర్ వాడు బెల్ కొట్టాడు. తలుపు తీసి వచ్చి, పది నిమిషాలు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టారు. ఈసారి పాలవాడు. మళ్ళీ మొదట్నుంచి. పప్పు మాడిపోతుంది కదా. మనిషి ఎవరూ ఇలా చేయరు. "ఆరున్నరకి కట్టేయాలి" అని గోడ గడియారం చూసి గుర్తుపెట్టుకుంటారు. బెల్ ఎన్నిసార్లు మోగినా ఆరున్నర మారదు.

ప్రోగ్రామ్‌లో కూడా అదే చేయాలి. "ఇంతసేపు" అని కాకుండా "ఫలానా క్షణానికి" అని దాచుకోవాలి. పోల్‌కి ఎలాగూ "ఇంతసేపు" అనే భాషే తెలుసు కాబట్టి, పిలిచే ప్రతిసారీ మిగిలింది ఎంతో కొత్తగా లెక్కకట్టి ఇవ్వాలి. కోడ్ వరుస ఇలా ఉంటుంది:

గడువు = ఇప్పుడు + 600000
లూప్:
    మిగిలింది = గడువు − ఇప్పుడు
    మిగిలింది 0 కంటే తక్కువైతే: మిగిలింది = 0
    ఫలితం = పోల్ (మూడు డిస్క్రిప్టర్లు, మిగిలింది)
    ఫలితం 0 కంటే ఎక్కువైతే: వచ్చిన ఈవెంట్ల పని చూడు
    మూత ఇంకా తీయలేదు, ఇప్పుడు గడువు దాటింది అంటే:
        బజర్ మోగించు
        గడువు = ఇప్పుడు + 600000

ఇందులో చివరి షరతు గమనించండి. "పోల్ 0 తెచ్చిందా?" అని నేను అడగట్లేదు. "గడువు దాటిందా?" అని అడుగుతున్నా, అదీ పోల్ ఏం తెచ్చినా సరే ప్రతిసారీ. సరిగ్గా గడువు టైమ్‌కే పింగ్ కూడా వస్తే పోల్ 1 తెస్తుంది, 0 తేదు. అప్పుడు 0 కోసం చూసే కోడ్ ఆ మోతని ఆ చుట్టులో వదిలేస్తుంది.

మార్చాక మళ్ళీ స్ట్రేస్ పెట్టి చూశాను. 600000, తర్వాత 5 లక్షల 40 వేల దగ్గర, తర్వాత 4 లక్షల 80 వేల దగ్గర. నంబర్ తగ్గుతూ వస్తోంది. ఇంత చిన్న విషయానికి అంత ఆనందమేంటని మా రూమ్మేట్ వింతగా చూశాడు.

మిగిలింది మైనస్ అయితే?

పై కోడ్‌లో "0 కంటే తక్కువైతే 0" అనే లైన్‌ని తేలిగ్గా తీసుకోకండి. నేను మొదట అది రాయలేదు. ఏదో ఈవెంట్ పని కాస్త ఆలస్యమై, గడువు 3 మిల్లీసెకన్లు దాటిపోయిందనుకోండి. మిగిలింది మైనస్ 3. పోల్‌కి మైనస్ అంటే "శాశ్వతంగా పడుకో" అని అర్థం! పని 3 మిల్లీసెకన్లు లేట్ అయినందుకు, ఏదో ఒక ఈవెంట్ వచ్చేదాకా ప్రోగ్రామ్ లేవదు. ఎర్రర్ ఉండదు, క్రాష్ ఉండదు, లాగ్‌లో ఒక్క అక్షరం ఉండదు. వెయ్యిసార్లు నడిపితే ఒకసారి వచ్చే రకం. పాత సెలెక్ట్ ఫంక్షన్ ఈ విషయంలో కాస్త నయం, మైనస్ టైమ్ ఇస్తే లైనక్స్‌లో తప్పు విలువ అని ఎర్రర్ తెచ్చి మొహాన కొడుతుంది.

దీనికి వ్యతిరేకంగా ఇంకో చిన్న పురుగు ఉంది. మిగిలింది 0.4 మిల్లీసెకన్లు అనుకోండి. పూర్ణాంకంగా మారిస్తే 0. పోల్ వెంటనే వచ్చేస్తుంది, గడువు ఇంకా దాటలేదు, మళ్ళీ 0తో పోల్, మళ్ళీ మళ్ళీ. ఆ అర మిల్లీసెకను పాటు ఊరికే గిరగిరా తిరుగుతుంది. అందుకే ఎప్పుడూ పైకి రౌండ్ చేయాలి, కిందికి కాదు. మిల్లీసెకను కంటే సన్నటి లెక్క నిజంగా కావాలంటే పీపోల్ ఉంది, నానోసెకన్లలో తీసుకుంటుంది. ఈపోల్ వాడేవాళ్ళకి అలాంటిది లైనక్స్ 5.11లో ఈపోల్ పీవెయిట్ 2 పేరుతో వచ్చింది. మందుల డబ్బాకి అంత సీన్ లేదు.

పైకి కూడా ఒక హద్దు ఉంది. ఈ టైమౌట్ 32 బిట్ల పూర్ణాంకం కాబట్టి పట్టేది గరిష్ఠంగా 2,147,483,647 మిల్లీసెకన్లు, అంటే 24 రోజుల 20 గంటల పైచిలుకు. "నెల తర్వాత గుర్తుచేయి" అని 30 రోజులు గుణించి ఇస్తే విలువ పొంగి మైనస్‌లోకి పోవచ్చు. నోడ్ జేఎస్‌లో సెట్ టైమౌట్‌కి ఈ హద్దు దాటిన నంబర్ ఇస్తే అది 1 మిల్లీసెకనుగా మారుతుంది. నెల తర్వాత రావాల్సిన రిమైండర్ వెంటనే వచ్చేస్తుందన్నమాట. గడువు పద్ధతిలో దీనికి మందు సులువు. మిగిలింది ఎంత పెద్దదైనా ఒక రోజుకి కత్తిరించి పోల్‌కి ఇవ్వండి. రోజుకోసారి లేచి, ఇంకా కాలేదని చూసి, మళ్ళీ పడుకుంటుంది.

ఇక సిగ్నల్స్. పోల్‌లో పడుకుని ఉండగా ప్రాసెస్‌కి ఏదైనా సిగ్నల్ వస్తే, దానికి హ్యాండ్లర్ పెట్టి ఉంటే, పోల్ మధ్యలోనే మైనస్ 1తో వచ్చేస్తుంది. ఎర్రర్ కోడ్ 'ఈఐఎన్‌టీఆర్', అంటే మధ్యలో అంతరాయం అని. అది నిజమైన తప్పు కాదు, కానీ కొత్తవాళ్ళు దాన్ని చూసి ప్రోగ్రామ్‌ని ఆపేస్తారు. కొంచెం తెలిసినవాళ్ళు అదే టైమౌట్‌తో మళ్ళీ పిలుస్తారు, అంటే నా పప్పు కథ మళ్ళీ మొదలు. మిగతా చాలా సిస్టమ్ కాల్స్‌లాగా దీన్ని ఆటోమేటిక్‌గా తిరిగి మొదలుపెట్టమని కెర్నల్‌కి చెప్పే దారి లేదు. ఆ రీస్టార్ట్ ఫ్లాగ్ పోల్, సెలెక్ట్, ఈపోల్‌లకి పనిచేయదు. పైథాన్ వాడేవాళ్ళు అదృష్టవంతులు, 3.5 వెర్షన్ నుంచి మిగిలిన టైమ్ లెక్కకట్టి అదే మళ్ళీ పిలుస్తుంది. నేను సీలో రాశాను కాబట్టి నేనే చూసుకోవాలి. గడువు దాచుకుని ఉంటే చేయాల్సింది ఏమీ లేదు, లూప్ పైకి వెళ్తే చాలు.

ఏ గడియారం చూస్తున్నారు?

పై కోడ్‌లో "ఇప్పుడు" అని హాయిగా రాసేశాను. ఆ ఇప్పుడు ఎక్కడిది? అసలు కష్టం ఇక్కడుంది.

సిస్టమ్‌లో కనీసం రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి గోడ గడియారం, క్లాక్ రియల్‌టైమ్. తారీఖు, టైమ్ చెప్పేది అదే. దాన్ని ఎవరైనా తిప్పచ్చు. మీరు సెట్టింగ్స్‌లో మార్చినా, ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ వచ్చినా అది ముందుకో వెనక్కో ఒక్క గెంతు గెంతచ్చు. రెండోది క్లాక్ మోనోటానిక్. దానికి తారీఖు తెలియదు, స్టాప్‌వాచ్‌లా ముందుకే నడుస్తుంది, వెనక్కి తిరగదు. "10 నిమిషాల తర్వాత" లాంటి గడువులన్నీ ఈ రెండోదాని మీదే కట్టాలి. గోడ గడియారం మీద కడితే, ఎవరో టైమ్‌ని ఒక గంట వెనక్కి తిప్పగానే మీ 10 నిమిషాలు 70 నిమిషాలవుతాయి.

ఇక్కడిదాకా పుస్తకాల్లో ఉంటుంది. కానీ నా డబ్బాకి "రాత్రి 8" కావాలి. మొదటి మోత కోసం సర్వర్ మీద ఆధారపడటం ఎందుకు, నెట్ పోతే అదీ ఉండదు కదా అని 8 గంటల లెక్క డబ్బా లోపలికే మార్చాను. 8 అనేది గోడ గడియారం మాట. బూట్ అవ్వగానే 8కి ఇంకా ఎంతుందో లెక్కకట్టి, మోనోటానిక్ గడువుగా మార్చి పడుకునేలా రాశాను. ఈసారి తణుకు పంపకముందు, ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి, కరెంట్ కోత ఎలా ఉంటుందో నేనే ప్లగ్ పీకి చూశాను.

పై జీరోలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. ప్లగ్ పీకేస్తే టైమ్ కూడా ఆగిపోతుంది. తిరిగి పెట్టినప్పుడు ఆఖరుగా కార్డులో సేవ్ చేసుకున్న టైమ్‌తో లేచి, నెట్ దొరికాక సరిచేసుకుంటుంది. సాయంత్రం 6:30కి పీకాను, 7:50కి పెట్టాను. డబ్బా దృష్టిలో టైమ్ 6:17. 8కి ఇంకా 1 గంట 43 నిమిషాలు ఉందని లెక్కకట్టి పడుకుంది. నిమిషంలో నెట్ వచ్చి గోడ గడియారం 7:51కి గెంతింది, కానీ పోల్‌కి ఇచ్చిన టైమౌట్‌కి ఆ సంగతి తెలియదు. రాత్రి 9:33కి మోగింది. అమ్మమ్మ 9 గంటలకే పడుకుంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. సులువైనది, ఎంత మిగిలినా నిమిషానికి మించి పడుకోకుండా, లేచినప్పుడల్లా గోడ గడియారం మళ్ళీ చూడటం. రోజుకి 1,440 సార్లు లేవడం అంటే 86 లక్షలతో పోలిస్తే లెక్కలోది కాదు. రెండోది లైనక్స్‌లో ఉండే టైమర్ఎఫ్‌డీ. టైమర్‌ని కూడా ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌గా చేసి పోల్ లిస్ట్‌లో నాలుగోదిగా పెట్టేయచ్చు. దానికి "రియల్‌టైమ్ 8 గంటలు" అనే గడువు నేరుగా ఇవ్వచ్చు. టైమ్ మారితే రద్దు చేయమనే ఫ్లాగ్ కూడా పెడితే, గడియారం గెంతిన క్షణమే పోల్ లేచి "టైమ్ మారింది, మళ్ళీ లెక్క చూసుకో" అని చెప్తుంది. నేను రెండోది వాడాను. దానితోపాటు నెట్ కూడా లేని రోజు కోసం, కాయిన్ సెల్‌తో నడిచే డీఎస్3231 గడియారం మాడ్యూల్ కూడా తగిలించాను. సాఫ్ట్‌వేర్ ఎంత తెలివిగా రాసినా, టైమ్ ఎంతో ఎవరూ చెప్పకపోతే అది మాత్రం ఏం చేస్తుంది!

గడువులు ఎక్కువైతే

బజర్ 20 సెకన్లు మోగి ఆగాలి. మొదట్లో బజర్ ఆన్ చేసి, 20 సెకన్లు స్లీప్ పెట్టి, ఆఫ్ చేశాను. ఆ 20 సెకన్లూ లూప్ మొత్తం స్తంభించింది. అమ్మమ్మ మూత తీసినా బజర్ ఆగేది కాదు. "తీశాను కదే, ఇంకెందుకు అరుపు" అని డబ్బాని తిట్టిందట. ఈవెంట్ లూప్‌లో పడుకునే చోటు ఒక్కటే ఉండాలి, అది పోల్. బజర్ ఆపడం కూడా ఇంకో గడువు అవ్వాలి.

అలా గడువులు మూడయ్యాయి. బజర్ ఆపడం, మళ్ళీ మోగడం, సర్వర్ నుంచి పింగ్ చాలాసేపు రాకపోతే మళ్ళీ కనెక్ట్ అవ్వడం. పోల్‌కి ఇచ్చేది వీటిలో అన్నింటికంటే దగ్గరిది. ఏ గడువూ లేకపోతే మైనస్ 1. మూడింటికి చిన్న అరే చాలు. వేల గడువులుంటే అతి చిన్నదాన్ని వెంటనే చెప్పే డేటా స్ట్రక్చర్ కావాలి. నోడ్ జేఎస్ కింద ఉండే లిబ్‌యూవీ మిన్ హీప్ వాడుతుంది, ఎన్జిన్ఎక్స్ రెడ్ బ్లాక్ ట్రీ వాడుతుంది. కాలేజీలో "ఇవెక్కడ పనికొస్తాయి సార్" అని అడిగినవి ఇక్కడ పనికొస్తున్నాయి.

మీ ఫోన్‌లో ఇదే కథ

నేను ఆండ్రాయిడ్ యాప్స్ రాస్తాను, ఈ సీ గోల నాకెందుకు అంటారా? మీ యాప్ మెయిన్ థ్రెడ్‌ని నడిపే లూపర్ లోపల ఉన్నది ఈపోలే. మెసేజ్ క్యూలో తర్వాతి మెసేజ్‌కి ఎంత టైమ్ ఉందో లెక్కకట్టి, నేటివ్ పోల్ వన్స్ అనే ఫంక్షన్‌కి టైమౌట్‌గా ఇస్తుంది. ఇంకా టైమ్ కాని మెసేజ్ ఉంటే, తేడాని 32 బిట్ల గరిష్ఠానికి కత్తిరించి మరీ ఇస్తుంది. మెసేజ్‌లే లేకపోతే మైనస్ 1. నేను పైన చెప్పుకొచ్చిందంతా గూగుల్ ఇంజినీర్లు కొన్ని లైన్లలో రాసి పెట్టారు, ఓపెన్ సోర్స్ కాబట్టి మెసేజ్ క్యూ ఫైల్ తెరిచి మీరే చదువుకోవచ్చు.

యాప్ రెస్పాండ్ అవ్వట్లేదని, అంటే ఏఎన్ఆర్ వచ్చినప్పుడు ట్రేస్‌లో నేటివ్ పోల్ వన్స్ కనిపిస్తే, అదే దొంగ అని దాని మీద పడిపోకండి. చాలాసార్లు దానర్థం ట్రేస్ తీసిన క్షణంలో మెయిన్ థ్రెడ్ ఖాళీగా పడుకుని ఉందని. టచ్‌కి 5 సెకన్లలో జవాబు రాకపోతే ఏఎన్ఆర్ వస్తుంది. అసలు దొంగ పని ముగించుకుని వెళ్ళిపోయాక ఫొటో తీసినట్టు ఉంటుంది ఆ ట్రేస్.

రిమైండర్ యాప్ రాసేవాళ్ళకి అన్నిటికంటే పెద్ద గుంట గడియారం దగ్గరే. హ్యాండ్లర్‌లో పోస్ట్ డిలేడ్ అని 20 నిమిషాలు ఇస్తే, అది లెక్కపెట్టేది అప్‌టైమ్ గడియారం మీద. ఫోన్ స్క్రీన్ ఆపి డీప్ స్లీప్‌లోకి వెళ్తే ఆ గడియారం ఆగిపోతుంది. లైనక్స్‌లో క్లాక్ మోనోటానిక్‌ది కూడా అదే స్వభావం. నిద్రలో గడిచిన టైమ్ కూడా కావాలంటే క్లాక్ బూట్‌టైమ్ చూడాలి, ఆండ్రాయిడ్‌లో దాని పేరు ఎలాప్స్‌డ్ రియల్‌టైమ్. మీరు ఫోన్ చేతిలో పట్టుకుని టెస్ట్ చేసినంతసేపూ 20 నిమిషాలకి 20 నిమిషాలే. యూజర్ జేబులో పెట్టుకున్నాక 20 నిమిషాలు గంట కావచ్చు. నా 10 సెకన్ల టెస్ట్ లాంటిదే ఇదీ. కాబట్టి మందుల రిమైండర్‌కి హ్యాండ్లర్ వద్దు, అలారం మేనేజర్ వాడండి. ఆండ్రాయిడ్ 6.0లో డోజ్ వచ్చాక, ఐడిల్‌లో కూడా అనుమతించే ఎగ్జాక్ట్ అలారమే నమ్మదగింది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఎగ్జాక్ట్ అలారంలకి ప్రత్యేక పర్మిషన్ కూడా చూసుకోవాలి.

డబ్బా ఇప్పుడు మళ్ళీ తణుకులో ఉంది. పంపేముందు టెస్ట్‌లో నంబర్లు కుదించలేదు. పూర్తి 10 నిమిషాలు పెట్టి, పింగ్‌లు నడుస్తుండగా, రాత్రి 8 నుంచి 10 దాకా పక్కన కూర్చుని పన్నెండు మోతలు లెక్కపెట్టాను. అమ్మమ్మ క్యాలెండర్ మీద టిక్కు మళ్ళీ మొదలుపెట్టింది, మానొద్దని నేనే చెప్పాను. మొన్న ఫోన్ చేసి, "సీరియల్ మధ్యలో మోగుతోంది, ఎనిమిదిన్నరకి మార్చు నాన్నా" అంది. డాక్టర్‌ని అడిగి చెప్తానన్నాను.